రెప్పల సందు

…మలం కాదు. మూత్రం అంతకంటే కాదు. మూత్రం వాసనకో పదును ఉంటుంది, ముక్కులో గోటితో గీసినట్టు. దీనికి పదును లేదు. మూతపెట్టి మర్చిపోయిన నూనె డబ్బాలా, ముద్దచేసి మూల పడేసిన తడిగుడ్డని ఎప్పుడో విప్పినట్టు, మందంగా, జిడ్డుగా ఉంది. ల్యాబులో అయితే ఏ సీసా మూత వదులైందో ఈపాటికి పట్టేసేది. మంచం కింద చూసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడి చూసింది. వెనక్కి వచ్చి దిండు ఎత్తేసరికి గుప్పుమంది.

సీసా ఎక్కడా లేదు. తన తలే.

దిండుని చేతుల పొడుగున పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ముక్కూమొహం తెలియని వాళ్ళ కళ్ళెలూ చీములూ గాజు పలకల మీద పూసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన మనిషి. మొదటి రోజుల తర్వాత ఒక్కనాడూ రోత పడలేదు. పక్కన చేరిన కొత్తవాళ్ళు ముక్కుకి గుడ్డ కట్టుకుంటే నవ్వేది. ఇప్పుడు తన జుట్టు వాసనకి తనకే డోకు వస్తోంది.

బాత్రూంలో పడిన రోజు నుంచీ తల మీద నీళ్ళు పోసుకోలేదు. నీళ్ళు పడితే కళ్ళు మూసుకోవాలి. మనసు ఎంత మరిచిపోదామనుకున్నా, కళ్ళు మూసుకుంటే ఏమవుతుందో ఒంటికి ఇంకా గుర్తుంది.

ఆ రోజు షాంపూ నురుగు నుదుటి మీంచి దిగుతుంటే అందరూ మూసుకున్నట్టే మూసుకుంది. అంతే, నేల లేదు. కాలు జారలేదు. ఆ ఒక్క ముక్కా కొడుకు తప్ప ఎవరూ నమ్మలేదు. కింద నేలా, పక్కన గోడా, పైన కప్పూ ఒక్కసారిగా ఎటో వెళ్ళిపోయాయి. అవి తిరిగొచ్చేసరికి ఆమె బక్కెట్టు మీద పడి ఉంది. తలుపుకి లోపల గడియ. బయట కొడుకు కేకలు, తర్వాత భుజంతో గుద్దిన చప్పుళ్ళు. చివరికి గడియ ఊడి తలుపు తెరుచుకుంది. గుమ్మంలో కొడుకు.

వాడు వెంటనే మొహం తిప్పుకున్నాడు.

ఆ తిప్పుకోవడమే ఆమె కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నడుము మీది కమిలిన మచ్చ పసుపుపచ్చగా మారి మానుముఖం పట్టింది. ఇది మాత్రం మానలేదు.

ఇప్పుడా తలుపుకి గడియ లేదు. అది ఉన్నచోట చెక్క పెచ్చులేచిన బెజ్జం ఒకటి మిగిలింది. కోడలు దాంట్లో గుడ్డపీలిక కుక్కింది. రోజూ పొద్దున కోడలు లోపలికొచ్చి మెడ కింది నుంచి స్నానం చేయిస్తుంది. స్టూలు వేసి కూర్చోబెడుతుంది. కూర్చున్నా కళ్ళు మూస్తే స్టూలుతో సహా మునిగిపోతున్నట్టే ఉంటుంది కాబట్టి తల జోలికి రానివ్వదు ఆమె. కోడలు చేతులకి రబ్బరు గ్లౌజులు. గిన్నెలు తోముకునేవి కావు, కొత్తవి. ఈ పనికోసమే కొన్నవి.

గ్లౌజులు ఎందుకు వేసుకుంటారో ఆమెకి ఒకరు చెప్పాలా?

అవతల గదిలో గొంతులు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. గొంతులు తగ్గించారంటే తన గురించే.

కొడుకు అంటున్నదేమిటంటే, ఈ రోజు కసరత్తు చేయించే ఫిజియో వచ్చి చూస్తాడు, కళ్ళు మూసుకుని ఆయన చెప్పినంతసేపూ నిలబడితే కొత్త గడియ పెట్టించేస్తానని అమ్మకి మాటిచ్చాడు, వడ్రంగిని కూడా రమ్మన్నాడు, ఇప్పుడు వెనక్కి పొమ్మంటే ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? కోడలు అంటున్నదేమిటంటే, నిలబడితే పెట్టించు, ఎవరొద్దన్నారు, నిలబడకముందే వడ్రంగిని పిలవడమేమిటి అని. కొడుకు ఒంటికాలి మీద లేచాడు. నీకు అమ్మంటే గౌరవం లేదు అన్నాడు. గౌరవం లేకపోతే పొద్దున్నే బాత్రూంలో మోకాళ్ళ మీద ఎందుకు కూర్చుంటున్నానో నువ్వే చెప్పు అంది కోడలు.

ఇద్దరి మధ్యా ఇంకో సంగతి కూడా నలుగుతోంది. కొడుక్కి టైల్స్ కొట్టు. ఆ బాత్రూంలో పరిచినవి వాడు ఏరికోరి తెచ్చిన టైల్స్. అమ్మ పడిన సాయంత్రమే వాడు ప్యాంటు మడిచి, నేల మీద సబ్బునీళ్ళు పోసి, అరికాలు రుద్ది చూపించాడు, చూడండి జారుతోందేమో అని. వచ్చి చూసినవాళ్ళంతా తల ఊపారు. వీధి చివరిదాకా వెళ్ళాక నవ్వుకుని ఉంటారు, టైల్స్ కొట్టు వాడి తల్లి బాత్రూంలో పడిందట అని. కాలు జారలేదని ఆమె చెబితే నమ్మిన ఒకే ఒక్కడు వాడే. ఆ నమ్మకం తన కోసం కాదని ఆమెకి తెలుసు. కొడుకు మీద ఉన్నట్టుండి రోత పుట్టింది. కన్నకొడుకు మీద రోత పడుతున్నందుకు తన మీద ఇంకాస్త పుట్టింది.

ఆమె హాల్లోకి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి.

"రా అమ్మా, కూర్చో," అని కొడుకు చేయి పట్టుకోబోయాడు. ఆమె మోచేయి వెనక్కి లాక్కుంది. కోడలు కదల్లేదు, కానీ కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది ఆ పిల్ల. రోజంతా నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో, కాలికింద తనకంటూ ఉన్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి కూర్చునే అలవాటు. ఇంట్లోనూ అలాగే కూర్చుంటుంది. అత్తగారు ఎటు నడిస్తే అటు పాదం బిగుస్తుంది. అది చూస్తే ఆమెకి ఒళ్ళు మండుతుంది.

ఫిజియో వచ్చాడు. యాభై దాటిన భారీ మనిషి, మెట్లెక్కి వచ్చి ఆయాసం తీర్చుకోవడానికే కొంతసేపు పట్టింది. చొక్కాకి చంకల్లో చెమట మరకలు, నోట్లో పిప్పరమెంటు బిళ్ళ. సంచిలోంచి నీలం రంగు స్పాంజి దిమ్మ తీసి నేల మీద వేశాడు. దాని మీద ఏవో సెంటు నీళ్ళు చల్లాడు. ఎన్నిళ్ళు తిరిగి, ఎంతమంది ముసలి పాదాల చెమట తాగిందో ఆ దిమ్మ! సెంటు నీళ్ళతో ఆ చెమట వాసన పోకపోగా రెండూ కలిసి మూడో వాసన అయింది.

"మనం ఇప్పుడు చెప్పులు విప్పేస్తాం," అన్నాడు.

ఆమెకి అన్నింటికంటే అసహ్యం ఈ 'మనం'. మనం నిలబడతాం, మనం ఊపిరి తీసుకుంటాం, మనం భయపడం. పసిపిల్లలతోనూ పిచ్చివాళ్ళతోనూ మాట్లాడే తీరు. విప్పండి ముందు మీరు, అందామనుకుంది. కొత్త గడియ గుర్తొచ్చి ఊరుకుంది.

మొదటి రోజు ఆయన చెప్పిన సంగతి మాత్రం ఆమెకి నచ్చింది, చెప్పిన మనిషి నచ్చకపోయినా. మనిషిని నిలబెట్టేవి మూడట. కళ్ళు ఒకటి. పాదాలూ కీళ్ళూ ఎక్కడెలా ఉన్నాయో చెప్పే తెలివి ఒకటి. చెవి లోపల ఇంకొకటి. వయసు పైబడేకొద్దీ వెనక రెండూ బద్ధకిస్తాయి, పని మొత్తం కళ్ళ నెత్తిన పడుతుంది. కళ్ళు తెరిచి ఉన్నంతసేపూ ఏ లోటూ తెలియదు. చీకట్లోనో, నురుగు పడినప్పుడో మూశామా, ఇక కబురు చెప్పేవాళ్ళే ఉండరు. అందుకే పట్టుకునేవాళ్ళని పక్కన పెట్టుకుని, కావాలని కళ్ళు మూసి నిలబడాలి, బద్ధకించిన పాదాలకి మళ్ళీ పని చెప్పాలి అన్నాడు. వింటున్నప్పుడు ఆమెకి తన పాదాలు జీతం తీసుకుని కునుకు తీసే గుమాస్తాల్లా కనిపించాయి. ఆయన్ని గౌరవించడానికి ఇంకొక్క వాక్యం చాలేది. అప్పుడే ఆయన, "మనకి అర్థమైందా?" అన్నాడు.

ఈ రోజు పరీక్ష. ఆమె దిమ్మ మీదికి ఎక్కింది. మెత్తగా, బురదలో దిగినట్టు పాదాలు కూరుకున్నాయి. ఫిజియో వెనక, కొడుకు ఎదురుగా, కోడలు పక్కన కిటికీ దగ్గర.

"కళ్ళు మూసుకుందాం."

రెప్పలు దించింది. ఎదుటి గోడ పోయింది, కొడుకు మొహం పోయింది. ఇంకొక్క వెంట్రుక వాసి దించితే అన్నీ పోతాయి. ఆ వెంట్రుక వాసి దగ్గర రెప్పలు ఆగాయి. ఆపిందా, ఆగాయా, ఆమెకే తెలియదు. ల్యాబులో మొదట నేర్పేది అదే. ఒక కన్ను మైక్రోస్కోప్‌కి ఆనించినా రెండో కన్ను మూయకూడదు, మూస్తే సాయంత్రానికి తల పగిలిపోతుంది. తెరిచి ఉంచి, చూడనట్టు ఉండాలి. ఏళ్ళ తరబడి ఆమె ఒక కంటితో చూస్తూ ఇంకో కంటితో చూడనట్టు నటించింది. ఆ విద్య ఎక్కడికి పోతుంది?

రెప్పల సందులోంచి సన్నటి పట్టీ ఒకటి కనిపిస్తోంది. కుర్చీ కోడు అంచు, దాని పక్కన నేల మీద వెలుతురు ముక్క. అంతే చాలు. ఒళ్ళంతా ఆ కోడుని పట్టుకుని వేలాడింది. కూరుకుపోయిన పాదాలకి ఏ పనీ పడలేదు. ఊగలేదు, తూలలేదు.

"శభాష్," అన్నాడు ఫిజియో. "మనం ఇంత బాగా చేస్తామని నేను అనుకోలేదు."

కొడుకు మొహం చూడాలి అప్పుడు. పదో తరగతి పాసైనప్పుడు కూడా అంత వెలగలేదు. ఫిజియో దిమ్మని సంచిలో కుక్కుకుంటూ ఏవో జాగ్రత్తలు చెప్పాడు, రోజూ చెయ్యాలన్నాడు, ఇంకా కొన్నాళ్ళు ఒక మనిషి దగ్గరుంటే మంచిదన్నాడు. చివరి మాట కొడుకు వినలేదు. వడ్రంగికి ఫోను కలుపుతున్నాడు.

ఫిజియో మెట్లు దిగిన చప్పుడు ఆగేదాకా కోడలు ఊరుకుంది.

"అత్తయ్య కళ్ళు మూసుకోలేదు," అంది.

కొడుకు ఫోను చెవి మీద నుంచి తీయకుండానే చూశాడు. "ఏంటి?"

"రెప్పలు వాల్చారంతే. సందులోంచి చూస్తూనే ఉన్నారు. నేను కిటికీ దగ్గరున్నాను, పక్కనుంచి కనిపించింది."

"నీకు కనిపించింది, ఆయనకి కనిపించలేదు."

"ఆయన వెనకాల నిలబడ్డాడు. నా పనే అది కదా. అద్దం చూశాం మేడం అంటారు, చూసి ఉండరు. రోడ్డే చూస్తున్నాం అంటారు, ఫోను చూస్తుంటారు. కనుగుడ్డు కదిలితే పైరెప్ప కదులుతుంది. దాచడం ఎవరి వల్లా కాదు."

"అమ్మేం నీ దగ్గరికి లైసెన్సు కోసం వచ్చిందా?"

"గడియ కోసం వచ్చారు," అంది కోడలు. "లోపల గడియ వేసుకుని మళ్ళీ పడితే ఈసారి ఏ భుజంతో గుద్దుతావు?"

వాడి భుజం ఇంకా నొప్పిగానే ఉంది. ఆ మాట అక్కడే తగిలింది. ఇంట్లో ఒక మనిషి బాగుపడుతుంటే చూడలేనివాళ్ళు ఉంటారని వాడు గోడతో అన్నాడు. కోడలు ఆ గోడ వైపే చూస్తూ, ఉంటారేమో అంది. తర్వాత ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"అమ్మా, నువ్వే చెప్పు."

వాడి గొంతులో అడగడం లేదు, బతిమాలుకోవడం ఉంది. కళ్ళు మూసుకుని నిలబడింది అంటే ఆ రోజు చూసినదంతా చూడనట్టు అయిపోతుంది. టైల్స్ టైల్స్ అవుతాయి, అమ్మ అమ్మ అవుతుంది, తలుపు మూసుకుంటుంది. వాడికి అది కావాలి. ఆమెకీ అదే కావాలి. ఎవరూ చూడని నాలుగు గోడలు, తను వేసుకున్న గడియ, తన ఒళ్ళు తను కడుక్కోవడం. ఇంతకంటే ఈ ఇంట్లో ఆమె ఏమడిగింది?

"మూసుకునే నిలబడ్డాను," అంది.

కోడలు వెళ్ళి మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

వడ్రంగి వచ్చి, బెజ్జంలోని గుడ్డపీలిక లాగి అవతల పడేసి, డ్రిల్లు పెట్టాడు. ఆ రొదలో ఇల్లంతా పళ్ళు నూరినట్టయింది. కొత్త గడియ తళతళా మెరుస్తోంది. కొడుకు నాలుగైదుసార్లు వేసి తీసి, చెక్కపొట్టు స్వయంగా ఊడ్చి, "చూడమ్మా, వెన్నలా పడుతోంది," అన్నాడు. కొట్లో ఎవరో కాచుకుని ఉన్నారంటూ వడ్రంగిని బండెక్కించుకుని వెళ్ళిపోయాడు. కోడలు మధ్యాహ్నం క్లాసు ఇంకొకరికి అప్పగించి ఇంట్లోనే ఉండిపోయింది.

ఆమె తువ్వాలు తీసుకుని బాత్రూంలోకి వెళ్ళి గడియ వేసుకుంది.

టక్కుమంది. ఎన్నాళ్ళకో విన్న చప్పుడు. చెవికి హాయిగా ఉంది. తువ్వాలు కొక్కేనికి తగిలించి, లోపలి లంగా గుండెల మీదికి కట్టుకుని, భుజాల మీంచి నీళ్ళు పోసుకుంది. తర్వాత నిలబడే తల ముందుకు వంచి, కళ్ళు తెరుచుకునే వెనకవైపు తడిపింది. నీళ్ళు చెంపల మీదికి జారుతుంటే రెప్పలు పటపటలాడాయి. చేతిలో షాంపూ పోసుకుని జుట్టుకి పట్టించింది. నురుగు పుట్టింది. దాంతోపాటు జిడ్డు వాసన తడిసి లేచింది. నురుగు నుదుటి దాకా వచ్చింది.

ఇప్పుడు.

రెప్పలు సగం దించి సందు ఉంచింది. నురుగు ఫిజియో కాదు, మోసపోలేదు. సందులోకి దూరి భగ్గుమంది. కళ్ళు వాటంతట అవే మూసుకోబోయాయి. కాళ్ళ కింద అదే ఖాళీ నోరు తెరిచింది. ఆమె గోడకి అరచెయ్యి ఆనించి, వేళ్ళతో రెప్పలు ఎత్తి పట్టుకుంది. కళ్ళు మండుతున్నా మూయలేదు. మగ్గు ఎక్కడుందో కనిపించలేదు. సగం రుద్దిన తలతో, వేళ్ళతో కన్ను చీల్చుకుని, తడి గోడని కౌగిలించుకుని నిలబడింది.

అద్దం ఉంటే బాగుండేది అనుకుంది. ఈ వికారం తనైనా చూడాలి.

ల్యాబులో ఒకడు ఉండేవాడు, పక్క బల్ల దగ్గర. మధ్యాహ్నానికల్లా తన పలకలన్నీ అయిపోయాయనేవాడు. అంత తొందరగా ఎలా అవుతాయి? ఒకరోజు వాడు 'ఏమీ లేవు' అని రాసిన కళ్ళె పలక ఒకటి ఎందుకో తీసి తన లెన్సు కింద పెట్టింది. నీలం మధ్య ఎర్రటి పుల్లలు, క్షయ క్రిములు, చీపురు విదిలించినట్టు. వాడు లెన్సులో కన్నే పెట్టలేదు. ఆ రోగి ఇంట్లో చంటిపిల్ల ఉందని తర్వాత తెలిసింది. ఆ రోజు వాడి మొహాన ఉమ్మినంత పని చేసింది. చూడకుండా చూశానని రాసేవాడి కంటే నేను రోజూ తిప్పే ఈ మలం నయం అంది, అందరి ముందూ. ఆ మాట తల్చుకుని ఇన్నేళ్ళూ తన మీద తనకి ఒక మర్యాద ఉండేది.

చూడకుండా చూశానన్నవాడికీ, చూస్తూ చూడలేదన్న తనకీ తేడా ఏముంది?

వాసన ఇప్పుడు జుట్టులోంచి రావడం లేదు. ఇంకా లోపల్నుంచి వస్తోంది. దానికి షాంపూ లేదు.

గోడ పట్టుకుని, తలుపు దాకా పాక్కుంటూ వెళ్ళినట్టు వెళ్ళి, గడియ తీసింది.

కోడలు బయటే స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. లేచింది. అత్తగారి మొహాన్నీ, నురుగునీ, ఎర్రబడిన కళ్ళనీ చూసింది. మొహం తిప్పుకోలేదు. మగ్గుతో నీళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది. ఆమె కళ్ళు తెరుచుకునే మొహం మీద చల్లుకుంది.

"నువ్వన్నది నిజమే," అంది ఆమె. "చూస్తూనే ఉన్నాను."

"తెలుసు."

"తెలిస్తే మరి గట్టిగా ఎందుకు అనలేదు?"

"మీ అబ్బాయికి మీ మాటే కావాలి. నా మాటే నిజమని తెలిసినా ఆయన గడియే పెట్టించేవాడు. అందుకే ఇక్కడ కూర్చున్నాను."

ఆమె తలుపు చట్రాన్ని పట్టుకుంది. అడగాల్సిన మాటని ఇన్నాళ్ళూ మింగుతూ వచ్చింది. ఇప్పుడు మింగడానికి చోటు లేదు.

"నేనంటే నీకు రోతగా ఉందా?"

కోడలు అబ్బే అదేం లేదత్తయ్యా అంటుందనుకుంది ఆమె. ఆ మాట వస్తే ఎలా అసహ్యించుకోవాలో కూడా సిద్ధం చేసుకుంది.

"ఉంది," అంది కోడలు. "మీరంటే కాదు అని చెప్పొచ్చు గానీ, అబద్ధం ఎందుకు? ఒళ్ళంటేనే. మడతల్లో చెయ్యి పెట్టాలంటే, ఈ వాసనంటే. పొద్దున మీ పని అయ్యాక నాకు ఏమీ తినబుద్ధి కాదు. రోత ఉన్నా చేస్తున్నాను. లేనట్టు నవ్వుతూ చెయ్యమంటే నా వల్ల కాదు."

ఆమెకి ఏడుపు రావాలి. రాలేదు. ఇన్నాళ్ళకి ఎవరో కిటికీ తీసినట్టుంది.

"మీకు ల్యాబులో రోత వేసేది కాదా?" అని అడిగింది కోడలు.

"మొదట్లో వేసేది. చూస్తే పోయేది. లెన్సు కింద పెడితే ప్రతిదానికీ ఒక పేరుండేది. ఇది ఫలానాది అని తెలిశాక రోత పడటానికి ఏం మిగులుతుంది?"

"మరి నన్ను చూడనిస్తే కదా." కోడలి గొంతులో మొదటిసారి కోపం వచ్చింది. "రోజూ తువ్వాలు అడ్డం పట్టుకుంటారు. కింద నుంచి చెయ్యి పోనిచ్చి తడుముకుంటూ రుద్దాలి. ఎక్కడ పుండుందో, ఎక్కడ కమిలిందో, నా చేతికి తగులుతున్నది చర్మమో ఇంకేమిటో తెలియదు. చూడకుండా ముట్టుకోవాల్సి వస్తే ఏదైనా రోతే."

తువ్వాలు తన సిగ్గు కోసం అనుకుంది ఇన్నాళ్ళూ. ఆ తువ్వాలు కింద ఒక పిల్ల చీకట్లో చెయ్యి పెట్టి భయపడుతోందని తోచలేదు. గ్లౌజులే కనిపించాయి. చూడటమే బతుకుగా బతికిన మనిషికి చూడాల్సింది కనిపించలేదు.

"లోపలికి రా," అంది.

కోడలు చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఆమె వెనక్కి వెళ్ళి బక్కెట్టు పక్కన నిలబడింది. స్టూలు వేయనా అని కోడలు అడిగితే వద్దంది. నిలబడటమే రావాలి, కూర్చోవడం ఎలాగూ వచ్చు అంది. పట్టుకోనా అని అడిగితే ఆమె ఎదురు ప్రశ్న వేసింది.

"నీ దగ్గర నేర్చుకునేవాళ్ళకి నువ్వు ఎప్పుడు బ్రేకు తొక్కుతావు?"

"గుద్దేస్తారనుకున్నప్పుడే. అంతకుముందు తొక్కితే వాళ్ళకి ఎప్పటికీ రాదు. తొక్కకుండా కూర్చోవడమే కష్టం. సాయంత్రానికి పిక్కలు లాగేస్తాయి."

"అయితే లాగనీ."

కోడలు నవ్వాపుకుంది. మగ్గు నింపి పట్టుకుని, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడింది. ఆ దూరం ఎంతో ఆమె కళ్ళతో ఒకసారి కొలుచుకుంది. పాదాలు కాస్త ఎడంగా పెట్టింది. ఫిజియో రోజూ అడిగేవాడు, అరికాళ్ళకి ఏం తెలుస్తోంది అని. ఏం తెలుస్తుంది, నేల తెలుస్తుంది అని కసిరేది. ఇప్పుడు ఎవరూ అడగకుండానే వెతికింది. ఎడమ మడమ కింద రెండు టైల్స్ కలిసిన గీత. కుడి పాదం కింద నున్నటి చల్లదనం, బొటనవేలి దగ్గర ఆగిన నీళ్ళు. ఇంతేనా? అంతే. కొద్దిపాటి కబురు, అయినా కబురే.

"సందు ఉంచకండి అత్తయ్యా."

"నువ్వు నోరు మూసుకో, నేను కళ్ళు మూసుకుంటాను."

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. హాల్లో బూట్ల అడుగులు. కొడుకు, ఏదో మర్చిపోయి వచ్చినట్టున్నాడు.

"అమ్మా," అని పిలిచాడు, మంచి హుషారు మీద ఉన్నాడు. "గడియ బాగా పడుతోందా?"

బాత్రూం తలుపు బార్లా తెరిచి ఉంది. కోడలు దాన్ని చూసింది, అత్తగారిని చూసింది. వెళ్ళి మూయాలంటే ఆ దూరం వదిలి వెళ్ళాలి. మూయనా అని కళ్ళతోనే అడిగింది. అడుగులు హాలు దాటాయి.

ఆమె తల అడ్డంగా ఊపింది. చేతులు రెండూ పక్కలకి వదిలేసి, వెంట్రుక వాసి సందు కూడా ఉంచకుండా, కళ్ళు మూసుకుంది.